ఆమె ‘సుగ్గి’ అంది, నేను ‘వలస’ అని దిద్దాను

నా పీహెచ్‌డీ తెలుగు కథ మీద. జర్నలిజం నేను చదువుకున్నది కాదు. అయినా కొన్నేళ్ల క్రితం గుంటూరు ప్రాంతంలో ఒక కాలేజీలో జర్నలిజం విద్యార్థులకు కాపీ ఎడిటింగ్ చెప్పే పని నాకు వచ్చింది. తెలుగులో తప్పులు పట్టగల మనిషి కావాలన్నారు, అంతే. వాళ్లకొక ల్యాబ్ జర్నల్ ఉండేది. నాలుగు పేజీలు. విద్యార్థులే విలేఖరులు, వాళ్లే సబ్ ఎడిటర్లు. వాళ్లందరి మీద ఎర్రపెన్నుతో నేను.

ఒక ఫిబ్రవరిలో మిరప కోతల మీద ప్రత్యేక సంచిక వేద్దామనుకున్నాం. ఆ నెలల్లో గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా అదే పని. చేలో కోతలు, కల్లంలో ఆరబోతలు, ఎండిన కాయలోంచి తాలు ఏరడం, బస్తాలకెత్తి యార్డుకు తోలడం. బస్తా కట్టేదాకా అడుగడుగునా ఆడవాళ్ల చేతులు. యార్డులో కాయ తగలబెడితే ఊరు మొత్తం దగ్గుతుందని చెప్పుకునే జిల్లాలో, ఆ కాయ కోసే మనిషి మాట పేపర్లో ఎంత వినపడుతుందో చూద్దామన్నది నా ఆలోచన. నిజానికి ఆలోచన గొప్పదే. దాన్ని పాడు చేసింది కూడా నేనే.

ఒక అమ్మాయి తన ఊళ్లో మిరప కోతకు వచ్చిన కూలీలతో మాట్లాడి కాపీ తెచ్చింది. కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి, ఆదోని, కోసిగి, కౌతాళం ప్రాంతాల నుంచి యేటా వేల కుటుంబాలు పత్తి తీతకూ మిరప కోతకూ ఇటు వస్తాయి. చేల గట్ల మీద పట్టాల గుడారాలు వేసుకుంటారు. పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు. ఆ కాపీలో ఒక స్త్రీ మాట ఇలా ఉంది: “కరువొచ్చి రాలేదమ్మా, సుగ్గికొచ్చినాం. యేటేటా వస్తాం.”

నేను ‘సుగ్గికొచ్చినాం’ కొట్టేసి ‘వలస వచ్చాం’ అని రాశాను. పాఠకులకు అర్థం కాదని పక్కన కారణం కూడా రాశాను. కొటేషన్ మార్కులు మాత్రం అలాగే ఉంచాను. మరో రెండు లైన్లు తగ్గించాల్సి వచ్చి, మొదటి ముక్క, ‘కరువొచ్చి రాలేదమ్మా’ అన్నది, కూడా తీసేశాను. శీర్షిక పెట్టిన కుర్రాడు “బతుకుదెరువుకు వలసబాట” అని పెట్టాడు. నేను టిక్కు పెట్టాను.

పత్రిక అచ్చయ్యాక ఆ అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. “మేడమ్, ఆమె అనని మాట ఆమె నోట్లో పెట్టాం కదా?” అంది. ఫోన్లో రికార్డింగ్ వినిపించింది. నేను విన్నాను. ఏదో సర్దిచెప్పబోయాను గానీ సర్దిచెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

సుగ్గి కన్నడ నుంచి ఆ సరిహద్దు ఊళ్ల తెలుగులోకి వచ్చిన మాట. కన్నడంలో దానికి పంటకోతల కాలం అని అర్థం, పండగ లాంటి అర్థం. కర్నూలు పడమట ‘సుగ్గికి పోవడం’ అంటే కోతల రోజుల్లో పని ఉన్న చోటికి పోయి నాలుగు డబ్బులు చేసుకుని రావడం. అందులో బాధ లేదని కాదు. సుగ్గికి పోయిన ఇళ్లలో పిల్లల బడి సగంలో ఆగిపోతుంది, ముసలివాళ్లు ఊళ్లో ఒంటరిగా మిగిలిపోతారు. అవన్నీ ఆమెకు తెలుసు, మనకన్నా బాగా తెలుసు. అయినా ఆమె తన ప్రయాణానికి ఎంచుకున్న మాట పంట పేరుతో ఉంది, కరువు పేరుతో లేదు. పైగా ‘కరువొచ్చి రాలేదు’ అని మనం ఏమనుకుంటామో ముందే ఊహించి కాదంది. అంటే ఆమె విలేఖరితో వాదిస్తోంది. నేను ఆ వాదననే కత్తిరించాను. ఆమె కాదన్న మాటనే ఆమె పేరు మీద అచ్చేశాను.

ఆ తర్వాత ఆ సంవత్సరమంతా మా తరగతి దాదాపు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. తెలుగు పత్రికలో ఒక స్త్రీ మాట వార్తగా మారేలోపు దానికి ఏమేం జరుగుతుంది? ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు కొటేషన్ గురించి చాలా చెబుతాయి. ఎక్కడ వాడాలి, ఎంత పొడుగుండాలి, ఎవరన్నారో ఎక్కడ రాయాలి.. ఇట్లా. మా పిల్లలు వాటిని బట్టీపట్టారు. కానీ తెలుగులో మాటను అప్పజెప్పే పని అసలు కొటేషన్ మార్కులది కాదు. అవి అచ్చుతో పాటు ఇంగ్లీషు నుంచి వచ్చినవి. తెలుగులో ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నది ‘అని’. తాటాకుల మీదా అదే, మన అమ్మమ్మల కబుర్లలోనూ అదే.

ఈ ‘అని’లో ఒక విశేషం ఉంది. దాన్ని నేను కథల మీద పరిశోధన చేసిన రోజుల్లో గమనించలేదు, కాపీలు దిద్దుతుంటే గమనించాను. ‘నేను రాను’ అని ఆమె అంటే, మనం ‘తను రానని చెప్పింది’ అంటాం. ఆమె మాటను మన మాటగా చెబుతున్నాం, ‘నేను’ పోయి ‘తను’ వచ్చింది. కానీ క్రియ మారలేదు. ‘రాను’లో ఉన్న ఉత్తమ పురుష అలాగే ఉండిపోయింది. ‘తను రాదని’ అనం. అట్లా అంటే ఎవరో వేరే ఆమె రాదని అర్థం వస్తుంది. అంటే తెలుగులో పరోక్షంగా చెప్పినప్పుడు కూడా మాట్లాడిన మనిషి ‘నేను’ క్రియ చివర బతికే ఉంటుంది. ఇంగ్లీషులో ఇది లేదు. అక్కడ పరోక్ష కథనంలో ‘నేను’ పూర్తిగా పోతుంది. అందుకే అక్కడ కొటేషన్ మార్కులకు అంత విలువ. మనకు మార్కులు లేకపోయినా ‘అని’ ఆ గౌరవాన్ని ఇస్తుంది.

మరి పత్రికల కాపీలో ఏం జరుగుతుంది? అక్కడ ‘అని’ కంటే ‘ట్లు’ ఎక్కువ. “ఎకరాకు కౌలు కట్టాను” అంటే “కౌలు కట్టినట్లు తెలిపింది”. “నన్ను కొట్టాడు” అంటే “తనను కొట్టినట్లు ఫిర్యాదులో పేర్కొంది”. ‘కట్టాను’లో ఉన్న ‘ను’ తెగిపోయింది. క్రియ ఎవరిదీ కాని క్రియ అయింది. పైగా ‘అట్లు’లో ఒక చిన్న సందేహం కూడా ఉంటుంది. జరిగిందో లేదో, జరిగినట్లు చెప్పింది. ఎస్పీల మాటలకు కూడా ‘ట్లు’ వాడతారు కదా అని ఒక విద్యార్థి అడిగాడు. నిజమే. “అరెస్టు చేసినట్లు ఎస్పీ తెలిపారు” అని రోజూ చదువుతాం. కానీ అక్కడ ‘ట్లు’ వెనక ఒక హోదా నిలబడి ఉంది, సందేహం అంటుకోదు. మొగుడి మీద కేసు పెట్టిన ఆమె వెనక ఏం నిలబడి ఉంది?

ఇంకొకటి ‘ఆలని’. ఆదుకోవాలని, న్యాయం చేయాలని, చెల్లించాలని కోరారు. జిల్లా పేజీల్లో సామాన్యుల మాటలు సగానికి పైగా ఈ అచ్చులోనే పోస్తారని నాకనిపిస్తుంది. “రోజంతా వంగి కోస్తే కాటాలో తరుగు తీస్తున్నారు, నేనొప్పుకోను” అన్న మనిషి మాట “తరుగు లేకుండా తూకం వేయాలని కోరారు” అవుతుంది. ‘ఒప్పుకోను’ అనే క్రియకు వ్యక్తి ఉంది. ‘వేయాలి’కి లేదు. నిరాకరణ అర్జీ అయిపోయింది.

దీన్ని తరగతిలో బోర్డు మీద రాసి చూపించినప్పుడు, అప్పటిదాకా వ్యాకరణమంటే ఆవులించే పిల్లలు లేచి కూర్చున్నారు. ఆ రోజు నాకు చాలా సంతోషమనిపించింది, ఒప్పుకోవాలి.

తర్వాత వాళ్లకొక పని ఇచ్చాను. వారం రోజుల జిల్లా పేజీలు తెచ్చుకుని, ఎవరి మాటకు ఏ క్రియ వాడారో రాయమన్నాను. శాస్త్రీయమైన సర్వే కాదు, తరగతి పని. అంకెలు చెప్పను. కానీ గోడకు అంటించిన రెండు చార్టులు ఇప్పటికీ కళ్లముందున్నాయి. ఒకదాంట్లో: స్పష్టం చేశారు, ఉద్ఘాటించారు, వెల్లడించారు, హెచ్చరించారు, ధ్వజమెత్తారు, దుయ్యబట్టారు. రెండోదాంట్లో: వాపోయారు, మొరపెట్టుకున్నారు, గోడు వెళ్లబోసుకున్నారు, కన్నీటిపర్యంతమయ్యారు, లబోదిబోమన్నారు. మొదటి చార్టులో మంత్రులు, అధికారులు, ప్రతిపక్ష నాయకులు, సంఘాల అధ్యక్షులు. రెండోదాంట్లో కూలీలు, కౌలు రైతులు, ఎక్కువగా ఆడవాళ్లు. మా చార్టులో ఒక్క కూలిమనిషి కూడా ఏదీ ‘స్పష్టం’ చేయలేదు. ఆమె ఎంత స్పష్టంగా చెప్పినా సరే, వాపోతుంది. మగ రైతు కూడా నష్టపోయిన రోజున వాపోతాడు. అంటే పేదరికం మగవాణ్ణి రెండో చార్టులోకి నెడుతుంది. ఆడవాళ్లు ఏ నష్టమూ జరగకముందే అక్కడ ఉంటారు.

ఇక గౌరవం సంగతి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పురుషుణ్ణి చెప్పే మాటలను మహత్తులన్నాడు. స్త్రీని చెప్పేవి మహతీ వాచకాలు. అవి బహువచనంలో మహత్తుతో నడుస్తాయి, ఏకవచనంలో పశువులతోనూ వస్తువులతోనూ నడుస్తాయి. వచ్చాడు అతడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. సూరి ఉన్నదాన్ని చెప్పాడు, కొత్తగా కనిపెట్టలేదు. కానీ పత్రికల్లో ఏ స్త్రీకి ‘చెప్పారు’ వాడాలి, ఏ స్త్రీకి ‘చెప్పింది’ వాడాలి అనేది వ్యాకరణం నిర్ణయించదు, డెస్క్ నిర్ణయిస్తుంది. ఇప్పుడు చాలావరకు మారింది. మామూలు గృహిణికి కూడా ‘చెప్పారు’ అంటున్నారు. అయితే పోలీస్ స్టేషన్ వార్తలోనో తండా వార్తలోనో ‘చెప్పింది’ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నేను పైన రాసిన పేరాలు తిరగేసి చూడండి. మిరప కోసిన ఆమెను నేను కూడా ‘అంది’ అనే అన్నాను. కథల భాషకు అలవాటుపడ్డ చేయి. ఆత్మీయత అని సమర్థించుకోవచ్చు. కానీ కలెక్టరమ్మ విషయంలో మనకు ఆ ఆత్మీయత పుట్టుకురాదు.

ఈ ప్రాంతం గురించి ఇక్కడ ఒక మాట. తెలుగు పత్రికల భాషను తీర్చిదిద్దిన వారిలో బూదరాజు రాధాకృష్ణ గారు (1932-2006) వేటపాలెంలో పుట్టారు. ఒకప్పటి గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిన ఊరు. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉన్న ఊరు. నా పరిశోధన రోజుల్లో పాత పత్రికల కోసం నేనూ అక్కడికే వెళ్లాను. ఆయన ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపల్‌గా ఎందరో సబ్ ఎడిటర్లకు భాష నేర్పారు. పత్రికా భాషకు పదకోశాలు కట్టారు. చిన్నయసూరి మీద కూడా రాశారు. ఆ తరం శిక్షణ లేకపోతే ఇవాళ్టికీ పత్రికల్లో సమాసాల గుట్టలు ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్లం. ఆ రుణం నాకు తెలుసు. అయినా ఒకటి అడగాలి. పత్రికల ప్రామాణిక భాష ప్రధానంగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల వాడుక మీద నిలబడింది. అందుకే గుంటూరు ఆసామి మాటను కొటేషన్‌లో పెడితే దానికి యాస ఉన్నట్లు ఎవరికీ అనిపించదు. అదే ఊళ్లో మాలపల్లెలోని ఆమె మాట, ఆ ఊరి చేలోకి కర్నూలు నుంచి వచ్చిన ఆమె మాట ‘దిద్దాల్సినవి’గా కనిపిస్తాయి. నా ఎర్రపెన్ను ‘సుగ్గి’ దగ్గర ఆగడానికి కారణం ఆ మాట అర్థం కాకపోవడం కాదు. అది నా చెవికి కాపీలా వినపడలేదు.

ఈనాడు 1989లో జిల్లాకొక ఎడిషన్ మొదలుపెట్టాక మండలానికొక విలేఖరి వచ్చాడు. ఎన్నడూ పేపర్లోకి ఎక్కని ఊళ్లు ఎక్కాయి. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలై పాకిన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా ఆడవాళ్ల ముఖాల్ని, పేర్లని మొదటి పేజీకి తెచ్చింది. ఇవి చిన్న సంగతులు కావు. అయితే ఊరు దగ్గరైనంతగా ఊరి మాట దగ్గర కాలేదు. విలేఖరి ఆ ఊరివాడే, ఇంట్లో ఆ మాటే మాట్లాడతాడు. కాపీ రాసేటప్పటికి డెస్క్ భాష తొడుక్కుంటాడు. లేకపోతే డెస్క్ తొడుగుతుంది.

కథకుల దగ్గరైనా పరిస్థితి మెరుగా అంటే, నా సొంత రంగం గురించే కాబట్టి కాస్త నిర్మొహమాటంగా చెబుతాను. మన కథల్లో చాలా కాలం కొటేషన్ మార్కు ఒక కంచెలా పనిచేసింది. లోపల మాండలికం, బయట రచయిత ప్రామాణిక భాష. లోపల ఉన్నవాళ్లు మాట్లాడతారు, బయట ఉన్నవాళ్లు ఆలోచిస్తారు. యాస రాయడం గౌరవమేనని అనుకుంటాం గానీ, పాత్రకు యాస ఇచ్చి తనకు ఉంచుకోని రచయిత ఆ గీత ఎక్కడ ఉందో మనకు చూపిస్తున్నట్టే. నామిని ‘మిట్టూరోడి కతలు’లో కథనం కూడా చిత్తూరు మాటలోనే నడిపి ఆ కంచె తీసేశాడు. దళిత స్త్రీలు కథలు రాయడం మొదలుపెట్టాక, జాజుల గౌరి ‘మన్నుబువ్వ’ (2004) లాంటి పుస్తకాలు వచ్చాక, ఎవరి భాషలో ఎవరు ఆలోచిస్తారు అన్న ప్రశ్నను తప్పించుకోవడం కష్టమైంది.

స్త్రీవాదులకు ఈ విషయంలో ఒక పెద్ద వారసత్వం ఉంది. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, టేపు రికార్డరు పెట్టి, వాళ్ల జ్ఞాపకాల్ని వాళ్ల మాటల్లో నమోదు చేశారు. ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, ప్రియంవద.. ఆ పుస్తకాన్ని మనం చరిత్రగా చదివాం, స్త్రీవాద సిద్ధాంతంగా చదివాం. ఎడిటింగ్ పాఠంగా చదవలేదు. అందులో స్త్రీలు ‘వాపోరు’. పార్టీని నిలదీస్తారు, నవ్వుతారు, తిడతారు, కొన్నిచోట్ల చెప్పకుండా ఆగిపోతారు. నేను దాన్ని జర్నలిజం తరగతికి పట్టుకెళ్లాను. ‘ఇంత పొడుగు కొటేషన్లు పేపర్లో ఎవరేస్తారు మేడమ్’ అన్నారు పిల్లలు. వాళ్లన్నదీ సబబే. పేపరుకు స్థలం లేదు. కానీ స్థలం ఎవరికి లేదు? మంత్రి గారి ప్రసంగానికి ఉంది కదా. ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ దగ్గర గ్రామీణ స్త్రీలు 2002లో మొదలుపెట్టిన ‘ఖబర్ లహరియా’ బుందేలీలో వచ్చింది. స్థలం ఉంది, భాషా ఉంది, వార్తా ఉంది. డెస్క్ వేరు.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం సులువుగా తేలిపోతుంది. ఆమె మాట ఆమె మాటగా వేయండి, చాలు అని. కానీ ‘సుగ్గి’ కాపీ తెచ్చిన ఆ అమ్మాయే నాకు దాని అవతలి చిక్కు కూడా చూపించింది.

ఆ కాపీలో ఇంకో కొటేషన్ ఉంది. “మమ్మల్ని బాగానే చూసుకుంటారు, కూలి వేళకిస్తారు.” రికార్డింగ్‌లో అక్షరం పొల్లుపోకుండా అదే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. కానీ ఆ కూలీలు దిగింది ఆ అమ్మాయి వాళ్ల చేలోనే. అడిగింది ఆసామి కూతురు. తూకం వేసేది ఆమె నాన్న. ఆ సంగతి కాపీలో ఎక్కడా లేదు. నాకూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత తనే చెప్పింది, తలొంచుకుని. “మరి నాతో ఇంకేం అంటుంది మేడమ్?” అని. అంటే మేం ఒక మాటను మార్చి తప్పు చేశాం, ఇంకో మాటను మార్చకుండా తప్పు చేశాం.

అమెరికాలో జానెట్ మాల్కమ్ అనే రచయిత్రి మీద జెఫ్రీ మాసన్ అనే మానసిక విశ్లేషకుడు వేసిన దావా చాలా ఏళ్లు నడిచింది. తను అనని మాటల్ని కొటేషన్లలో పెట్టి న్యూయార్కర్ పత్రికలో రాసిందని ఆయన ఆరోపణ. 1991లో అక్కడి సుప్రీంకోర్టు, కొటేషన్‌లో మాటలు మార్చినంత మాత్రాన అది అబద్ధం కాదు, అర్థం గణనీయంగా మారితేనే అబద్ధమవుతుందని తేల్చింది. 1994లో జ్యూరీ మాల్కమ్ వైపు తీర్పిచ్చింది. తరగతిలో ఈ కేసు చెబితే పిల్లలు రెండుగా చీలిపోయారు. కోర్టుకు సరిపోయే కొలత అది. కానీ ‘సుగ్గి’ని ‘వలస’ చేస్తే అర్థం మారిందా లేదా అని మన కోర్టులో తేల్చేదెవరు? కోసిగి తెలియని జడ్జికి రెండూ ఒకటే. అసలు ఆ మాట అన్న ఆమెకు మా పత్రిక చేరనే లేదు. దావా వేసే మాట అటుంచి, తన మాట మారిందని ఆమెకు తెలియడానికే దారి లేదు. మాసన్ చదువుకున్నాడు, పత్రిక కొన్నాడు, లాయర్ని పెట్టుకున్నాడు. కొటేషన్ నీతి అంతా అట్లాంటి మనుషుల్ని ఊహించుకుని తయారైంది.

రెండో సెమిస్టర్లో ప్రకాశం వైపు నుంచి వచ్చిన మరో విద్యార్థిని ఇంకో కాపీ తెచ్చింది. ఈ నేలకు ఆ వార్త పాతది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. తర్వాత 1997-98లో మళ్లీ రాష్ట్రమంతటా. 2004 జూన్‌లో వచ్చిన జీవో 421తో రైతు ఆత్మహత్య కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు అన్నారు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు విచారించి, చావు ‘నిజమైన’ రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. ఆ తర్వాత మొత్తం పెరిగింది, జీవోలు మారాయి. విచారణ మాత్రం పోలేదు. కౌలు రైతు అయితే కాగితం ఉండదు, అప్పు నోటు ఉన్నా అది ఎవరి దగ్గరో ఉంటుంది. ఇలాంటి ఇళ్లలో పేపరు కటింగ్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకోవడం నేను చూశాను. చావుకు కారణం ఏదని అచ్చులో ఉందో ఆ ఇంటికి అది ముఖ్యం. “కుటుంబ కలహాల కారణంగా” అన్న రెండు మాటలు ఆ ఇంటి మీద ఎంత బరువు వేస్తాయో డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు ఎవరూ నేర్పరు.

ఈ విద్యార్థిని మాట్లాడింది కౌలు రైతు భార్యతో. ‘భార్య’ అని రాయడం కూడా ఆలోచించాల్సిందే. ఆ చేలో ఆమె కూడా పత్తి గింజ నాటింది, కలుపు తీసింది, పత్తి తీసింది. కానీ రైతు అతనే, ఆమె రైతు భార్య. సరే. ఆమె అన్న మాటల్లో ఒకటి: “అప్పుల సంగతి నాకు చెప్పేవాడు కాదు.”

ఈ వాక్యం వేయాలా వద్దా? వేస్తే అధికారులు, అప్పులున్నాయని భార్యకే తెలియదు కదా అనొచ్చు. వేయకపోతే, ఆ ఇంట్లో అప్పు తేవడం, తీర్చడం, దాచడం అన్నీ మగవాడి చేతిలోనే ఉన్నాయన్న నిజం పోతుంది. అతను పోయాక ఆమె నెత్తిన పడింది ఆ తెలియని లెక్కే. మెత్తగా మార్చి “అప్పుల గురించి తనకు పూర్తిగా తెలియదని తెలిపారు” అని పరోక్షంలో పెట్టేద్దామా అని విద్యార్థినే అడిగింది. అట్లా పెడితే వాక్యంలో ‘అతను’ మాయమవుతాడని తనకే తోచి కొట్టేసింది. నాకు గర్వంగా అనిపించింది గానీ సమాధానం మాత్రం తోచలేదు.

వార్తారచనలో ఒక నియమం ఉంది. అచ్చుకు ముందు కాపీని మాట్లాడిన మనిషికి చూపించకూడదు. చూపిస్తే మార్చమంటారు, బెదిరిస్తారు, వద్దంటారు. మంత్రి విషయంలో, కాంట్రాక్టరు విషయంలో ఈ నియమం అవసరమే. మౌఖిక చరిత్ర చేసే స్త్రీవాదులకు మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకమైన అలవాటు ఉంది. రాసింది తీసుకెళ్లి చదివి వినిపించి, ఉంచమంటారా తీసేయమంటారా అని అడగడం. ఈ రెండూ నా తలలో చాలా కాలం పక్కపక్కనే పడి ఉన్నాయి, ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. ఆ రోజు నేను మొదటి నియమాన్ని పక్కన పెట్టమన్నాను. అధికారం ఉన్నవాళ్లకు పెట్టిన నియమాన్ని అధికారం లేనివాళ్ల మీద ఎందుకు రుద్దాలి అనిపించింది. ఇది సరైనదేనని ఏ జర్నలిజం గురువుతోనూ వాదించి గెలవలేనేమో.

విద్యార్థిని ఆదివారం బస్సెక్కి వెళ్లింది. కాపీ మొత్తం చదివి వినిపించింది. విచారణకు వచ్చేవాళ్లు ఈ మాటను ఎట్లా తీసుకోవచ్చో కూడా చెప్పింది. ఆమె వసారాలో కూర్చుని విన్నారట. ఎకరాలు ఎన్నో ఒకచోట సరిచేశారు. కొటేషన్ దగ్గరికి వచ్చేసరికి చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత, “చెప్పేవాడు కాదు అన్నది నిజమేనమ్మా, ఉండనీ. నేనూ అడిగేదాన్ని కాదు. అది కూడా రాయి” అన్నారు.

విద్యార్థిని సోమవారం పొద్దున నా దగ్గరికి వచ్చి, రెండో వాక్యం వేస్తే తప్పు తన మీద వేసుకున్నట్టు ఉంటుంది కదా మేడమ్, పితృస్వామ్యం ఆమె చేత అట్లా అనిపిస్తోంది కదా, తీసేద్దామా అంది. నేను నేర్పిన మాటలే అవి. ఆ అమ్మాయి చేతిలో పెన్ను ఎర్రది.

రెండు వాక్యాలూ వేశాం, ఆమె చెప్పిన వరుసలో. ‘అన్నారు’ అని రాశాం. పేజీలో చోటు చాలక ఫొటో తీసేశాం.